డొల్లగోడ చప్పుడు

ఆ టీవీ గేమ్ వరుసలో నేను మూడు ఆటలు ఆడాను. మూడింటిలో కథ మారింది, ఊళ్ళు మారాయి, రాక్షసులు మారారు. కత్తి ఒకచోట దొరికి ఇంకోచోట పోయింది. డాలు మొదట కర్రది, తర్వాత ఇనుపది అయింది. మారనిది బాంబు ఒక్కటే. టెంకాయంత నల్లటి గుండు, నెత్తిమీద బెత్తెడు వత్తి. ఆటలోని చిన్న మనిషి దాన్ని సంచిలోంచి తీసి గోడ పక్కన పెడతాడు, రెండడుగులు వెనక్కి వేస్తాడు, అది పేలుతుంది, గోడలో దారి పడుతుంది. లోపల ధనపు పెట్టె ఉండవచ్చు, గబ్బిలాలు ఉండవచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఎన్ని గోడలు పగలగొట్టినా ఆ మనిషి చొక్కాకు మాత్రం మసి అంటదు.

రాళ్ళు పేల్చే మనిషి కూతురిని కాబట్టి మొదటి రోజు నుంచీ నాకు ఆ బాంబంటే చిన్నచూపు. అయినా ఆడకుండా ఉండలేకపోయేదాన్ని.

ఆ టీవీ గేమ్ నాది కాదు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ భయపడుతున్న రోజులవి. మాదాపూర్‌లో ఒక మేడ రెండో అంతస్తులో నాకు ఉద్యోగం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎక్కడో అమెరికాలో డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి రికార్డు చేసినది విని టైపు చేయాలి. కొందరు డాక్టర్లు ఏదో నములుతూ చెప్పేవారు. అవి మిగతావాళ్ళకు అర్థం కాకపోతే నా దగ్గరికి పంపేవారు. ఆఫీసులో అందరికంటే నా చెవులు మంచివని పేరు. ఆ పేరు విని నేను కొంచెం విర్రవీగేదాన్ని కూడా. నా పక్క సీటు అబ్బాయి నిజాంపేటలో హాస్టల్‌కు మారుతూ, అక్కడ టీవీ పెట్టుకోనివ్వరని ఆ మిషనూ మూడు కేసెట్లూ నా చేతిలో పెట్టాడు. "మీ ఇంట్లో ఉంచండి, వీలు చూసుకుని తీసుకెళ్తానండి" అన్నాడు. అతనిది గుంటూరు వైపు, అండీ లేకుండా మాట ముగించేవాడు కాదు. తీసుకెళ్ళడానికి మాత్రం రానే లేదు.

మేము లింగంపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం, అమ్మ, నాయన, నేను. నాయనది పాలమూరు వైపు. పెళ్ళికి ముందే ఇటు వచ్చి రాళ్ళ పనిలో చేరాడు. ఈ వైపు గుట్టలు ఒక్కొక్కటే పునాది గుంతలుగా మారుతుంటే ఆయనకు పని లేని రోజంటూ లేకపోయింది.

ఆయన పని ఎలా ఉండేదో చెప్పాలి. పొద్దున డ్రిల్లు పట్టినవాళ్ళు రాయిలో వరుసగా రంధ్రాలు కొడతారు. నాయన వాటిలో పేలుడు మందు తూటాలు దించి, మట్టి కూరి, వత్తులు బయటికి వదిలేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకు, చుట్టుపక్కల అందరూ అన్నాలకు కూర్చునే వేళ, ఎర్రజెండా పాతి, విజిల్ ఊది, వత్తులన్నీ వరుసగా అంటించి పరుగెత్తి వచ్చేవాడు. అవి ఒకటి తర్వాత ఒకటి పేలతాయి. వాటిని లెక్కపెట్టాలి. పది పెడితే పది వినబడాలి. తొమ్మిదే వినబడితే ఒకటి రాయిలో ఇంకా బతికి ఉన్నట్టు. దాని మీద మళ్ళీ డ్రిల్లు పడిందా, పట్టినవాడు మిగలడు.

ఆ లెక్క మందు పెట్టినవాడు ఒక్కడే పెట్టాలి. మిగతావాళ్ళు చెవులు మూసుకుని తలలు వంచి కూర్చుంటారు. ఇద్దరు లెక్కపెడితే లెక్క రెండవుతుందనీ, రెండు లెక్కల నడుమ ఒక ప్రాణం పోతుందనీ వాళ్ళలో ఒక మాట ఉంది. అందుకని ఇంకెవరి నోటా అంకె రాదు. నాయన "అయినయి" అంటే అయినట్టే. ఆ మాట మీద అందరికంటే ముందు రాయి ఎక్కి డ్రిల్లు పట్టేది మా మేనమామ, అమ్మ తమ్ముడు. ఆయనకు అప్పటికి ఇద్దరు చిన్న ఆడపిల్లలు. బావ మాటంటే ఆయనకు వేదం.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాయన మొదటిసారి ఆ ఆటలోని బాంబును చూశాడు.

"ఏందే గది?"

"బాంబు నాయినా."

"బొక్క కొట్టిండా? మట్టి కూరిండా? ఉత్తగ రాయి పక్కన పెడితే మందంత గాలికి పోతది. రాయికి చీమ కుట్టినట్టు గూడ గాదు."

అంతలో అది పేలింది. గోడలో నల్లగా దారి పడింది. నాయన గోడకు ఆనుకున్నవాడు లేచి ముందుకు జరిగి కూర్చున్నాడు.

"విజిల్ ఊదలే, కేక ఎయ్యలే. వత్తి గంత కురుచగుంటే అంటించినోడు యాడికి ఉరుకుతడు?"

"వానికేం గాదు. మరీ దగ్గరుంటే ఒక గుండెకాయ తగ్గుతది, గంతే."

"ఎన్నున్నయి గుండెకాయలు?"

"ఇప్పటికి మూడు. ముందుకు వోతుంటే ఇంకా దొరుకుతయి."

"వాని పని మంచిగుంది" అన్నాడు నాయన. కాసేపు చూసి మళ్ళీ అడిగాడు. "వత్తి అంటుకోని, మందు పేలకుంటే ఏం జేస్తడు?"

"ఇందుల పేలకపోవుడు ఉండదు నాయినా."

ఆయన నమ్మలేదు. ఒక్కటైనా చెడిపోకపోతుందా అని ఆ పూటంతా నా పక్కన కూర్చుని కనిపెట్టుకుని చూశాడు. ఒక్కటీ చెడిపోలేదు. ఇదంతా అబద్ధపు ఆట అని తేల్చేసి, మరుసటి ఆదివారం అన్నం తినగానే తనే టీవీ ముందు వచ్చి కూర్చున్నాడు.

మొదటి ఆటలో ఏ గోడ పగులుతుందో తెలిపే గుర్తేదీ ఉండదు. సంచిలో బాంబులు ఎనిమిదే. నేనైతే కనబడిన ప్రతి గోడకూ ఒకటి పెట్టి తగలేసేదాన్ని. నాయన పెట్టనిచ్చేవాడు కాదు. ఈ గదికీ ఆ గదికీ నడుమ ఎంత మందం ఉందో వేళ్ళతో టీవీ మీద కొలిచేవాడు. "ఈడ పెట్టు" అనేవాడు. మూడింట రెండుసార్లు ఆయన చెప్పినచోటే దారి పడేది. పడనప్పుడు ఆట తయారుచేసినవాడికి రాయి సంగతి తెలియదని తిట్టేవాడు. రోజంతా బండల మధ్య ఉండి వచ్చినవాడు సెలవు రోజు మళ్ళీ బండల ముందు కూర్చుంటాడేమిటని అమ్మ గొణిగేది. టీవీ చప్పుడు గల్లీ చివరిదాకా వినబడుతోందని కూడా గొణిగేది. నేను తగ్గించేదాన్ని. కాసేపటికి నాయన లేచి ఏదో పని ఉన్నట్టు టీవీ దాకా వెళ్ళి మళ్ళీ పెంచి వచ్చేవాడు. ఆటలో ఉత్సాహం అనుకున్నాను.

రెండో కేసెట్‌లో గోడల మీద పగుళ్ళు గీసి ఉండేవి. "ఇది గీసినోడు రాయిని జూసినోడే" అని నాయన మెచ్చుకున్నాడు. పగులు కనబడగానే నాకంటే ముందు ఆయన వేలు లేచేది. ఆ నెల రోజులూ మా ఇద్దరికీ పండగే. అయితే ఆ ఆటలో కొంత దూరం పోయాక పగుళ్ళు ఉండవు. గోడలన్నీ ఒకేలా నున్నగా ఉంటాయి. అక్కడ కత్తి మొనతో గోడను పొడిచి చూడాలి. గట్టి గోడైతే టింగుమంటుంది. వెనక ఖాళీ ఉంటే దబ్బుమంటుంది. దబ్బుమన్నచోట బాంబు పెట్టాలి.

ఇది తెలిసిన రోజు నాకు ఎంత సంబరమో. నాయనకు ఇంతకంటే కావలసింది ఏముంది? ఆయన చేసేదీ ఇదే కదా. గునపంతో బండను తట్టి, ఖంగుమంటే గట్టిది, బొదబొదమంటే లోపల పగులుందని చెప్పేవాడు. చిన్నప్పుడు నన్ను బండ మీద కూర్చోబెట్టి, చెవి ఆనించమని నేర్పింది ఆయనే.

"ఇగ సూడు నాయినా, ఇది నీ పనే" అన్నాను. గట్టి గోడను పొడిచాను, డొల్లగోడను పొడిచాను. "ఏది డొల్ల?"

"రెండోది" అన్నాడు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంకో గదిలో అడిగాను, సరిగ్గా చెప్పాడు. మూడో గదిలో ఒక గబ్బిలం నన్ను విసిగిస్తోంది. కళ్ళు దాని మీద పెట్టుకుని గోడను పొడిచాను. దబ్బుమంది. వంట గదిలో అమ్మకు కూడా వినబడేంత దబ్బు.

"గట్టిదే. ముందుకు వో" అన్నాడు నాయన.

"ఏం నాయినా, నిద్రవోతున్నవా?" మళ్ళీ పొడిచాను.

"గట్టిదేనే."

"నీతోని చెవిటోని ముందట శంఖం ఊదినట్టే ఉన్నది" అని నవ్వాను.

ఆయన నవ్వలేదు. వంట గదిలో కత్తిపీట మీద అమ్మ చెయ్యి ఆగిన సంగతి నాకు వినబడింది. తల తిప్పి చూస్తే అమ్మ నన్ను చూస్తోంది, వద్దు అన్నట్టు. ఇంతసేపూ నాయన చూసింది టీవీని కాదు, నా ముఖాన్ని. డొల్ల చప్పుడు వినగానే నా ముఖంలో ఏం వెలిగేదో, ఆయన దాన్ని చదివి చెప్పాడు.

నేను ముఖం పక్కకు తిప్పుకుని మళ్ళీ కొట్టాను. గట్టి గోడను డొల్ల అన్నాడు. డొల్లను గట్టిదన్నాడు. అక్కడితో ఆపితే పోయేది. నా మొండితనం నన్ను ఆపనివ్వలేదు, ఇంకో రెండుసార్లు కొట్టాను. రెండూ తప్పే.

"అదంత మిషిన్ చప్పుడు" అన్నాడు నాయన, లేస్తూ. "అసలు రాయిని నా చేతికియ్యి, జెప్త." బీడీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

నాకు భయం వేసింది. చెవులు పోతున్న తండ్రి ఉన్న కూతురికి మొదట జాలి కలగాలేమో. నాకు మొదట గుర్తొచ్చింది మామ, రాయి ఎక్కుతున్న మామ.

నాయన వెనకే బయటికి వెళ్ళి, ఆయన ఎదురుగా, ముఖానికి ముఖం పెట్టి అడిగాను. "నాయినా, లెక్క ఎట్ల వెడుతున్నవ్?"

ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

"కాళ్ళతోటి" అన్నాడు.

పేలే వేళకు ఆయన చెప్పులు వదిలి బండ మీద వట్టికాళ్ళతో నిలబడతాడని నాకు తెలుసు. అందరికీ తెలుసు. మైసమ్మకు మొక్కుకుంటాడని మామ అనేవాడు. బావ భక్తి చూసి తను కూడా ఆ వేళకు చెప్పులు వదిలేవాడు. ఆ భక్తి వెనక సంగతి ఇదన్నమాట. ఒక్కో పేలుడూ బండలోంచి పాదాలకు వస్తుందట. రెండేళ్ళుగా అలాగే లెక్కపెడుతున్నాడట, ఒక్కటి కూడా తప్పలేదట.

"మామకు జెప్పు నాయినా. ఆయన గూడ లెక్కవెడతడు."

"వానికి జెప్తే ఇగ నేనేం మందు పెడత? రేపటి సంది నా మాట మీద ఎవడన్న రాయి ఎక్కుతడా? మందు పెట్టుడు తప్ప నాకేమొస్తదే?" తర్వాత గొంతు తగ్గించాడు. తగ్గించానని అనుకున్నాడు, పక్కింటి ఆమె తల బయటికి పెట్టి చూసింది. "ఈ పునాది ఒక్కటి అయిపోనియ్యి. దవాఖానకు వస్త. నీ మీదొట్టు. అందాక మీ మామతోని అనకు."

సరే అన్నాను. ఆ సరే గురించి ఇన్నేళ్ళుగా నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెబితే నాయన బతికి ఉండగానే పనికిరానివాడవుతాడు. చెప్పకపోతే మామ డ్రిల్లు ఏ రోజు దేని మీద పడుతుందో.

అప్పుడు నాకు తోచిన ఉపాయం ఒకటే. వాళ్ళు పని చేసే చోటు మా ఆఫీసు వెనక నుంచి కిలోమీటరు కూడా ఉండదు. వెనక మెట్ల దగ్గర కిటికీ తెరిస్తే ఆ గుట్ట, ఎర్రజెండా చుక్కలా కనబడతాయి. ఒంటిగంటకు పేలుళ్ళు మా అద్దాలను అదిలించేవి. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ ఆ మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేదాన్ని. సాయంత్రం నాయన కాళ్ళు కడుక్కుంటుంటే ఎదురుగా వెళ్ళి "ఇయ్యాల ఎన్ని?" అని అడిగేదాన్ని. ఆయన చెప్పిన అంకె, నా అంకె ఒకటైతే ఆ పూట అన్నం దిగేది.

ఇదెంత తెలివితక్కువ కాపలానో నాకు తెలియక కాదు. ఎన్ని పెట్టారో నాకు ముందు తెలియదు. తప్పు జరిగితే ఆ సంగతి నాకు తెలిసేది సాయంత్రానికి. ఈలోపు మామ రాయి ఎక్కి దిగి ఉంటాడు, లేదా దిగి ఉండడు. ఆ గుట్ట మీద ఫోను లేదు. పేలుళ్ళు అయ్యాక ఐదు నిమిషాలకు మళ్ళీ డ్రిల్లు మోత వినబడితే, ఇంకో ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని విని, అప్పుడు లోపలికి పోయి హెడ్‌ఫోన్లు పెట్టుకునేదాన్ని. ఒకరోజు టైపు చేసిన రిపోర్టులో ఒక రోగికి రెండు చెవులూ వినికిడి పోయిందని ఉంది. డాక్టరు దాన్ని ఎంత సాధారణంగా చెప్పాడో, నేను అంత సాధారణంగా టైపు చేశాను.

ఆదివారాలు ఆట ఆపలేదు. ఆపితే ఆయనకు అవమానం. డొల్లగోడల ఆట పక్కన పెట్టి మూడో కేసెట్ వేశాను. అందులో బాంబు పేలబోయే ముందు ఎర్రగా మెరుస్తుంది, చెవులతో పని లేదు. నాయన మునుపటిలాగే "ఈడ పెట్టు, ఆడ పెట్టు" అనేవాడు. ఇద్దరం ఏమీ జరగనట్టు ఆడేవాళ్ళం.

మూడు వారాలు అంకెలు కలిశాయి. తర్వాత ఒక గురువారం మెట్ల మీద నేను పది విన్నాను.

"ఇయ్యాల ఎన్ని?" అన్నాను సాయంత్రం.

"పదకొండు."

"నేను పదే ఇన్న నాయినా."

ఆయన చెంబు కింద పెట్టాడు. "రెండు కలిసి పేలుంటయి."

"కలిస్తే నీ కాళ్ళకు గూడ పదే తగలాలె గద."

"నా కాళ్ళకు పదకొండు తగిలినయి. ఆఖరుది అన్నిటికంటె పెద్దది. ఏసీ గదిల కూసునేదానివి, నువ్వు నాకు రాయి సంగతి జెప్తవా?" ఇక మాట్లాడనివ్వలేదు.

నిజానికి నాకూ గట్టిగా నమ్మకం లేదు. ఆరో పేలుడు దగ్గర మా ఆఫీసు అమ్మాయి ఒకామె మెట్లు దిగుతూ ఏదో పలకరించింది. అక్కడ ఒకటి జారిపోయిందేమో. నా చెవులు మంచివన్న పేరు ఆ రాత్రి నాకే పనికి రాలేదు. మధ్యాహ్నం పేలాక మామ ఆ పక్క ఇంకా ఎక్కలేదనీ, మిగిలిన పూటంతా రాళ్ళు ఎత్తిపోయడంతో సరిపోయిందనీ, డ్రిల్లు పట్టేది తెల్లారి ఎనిమిదికనీ మాత్రం నాయన నోటి నుంచి రాబట్టగలిగాను.

తెల్లవారి నేను ఆఫీసు బట్టల్లోనే సెవెన్ సీటర్ ఆటో ఎక్కి ఆ గుట్ట దగ్గర దిగాను. నేను వెళ్ళేసరికి డ్రిల్లుకు గాలి కొట్టే కంప్రెసర్ మోగుతోంది. మామ డ్రిల్లు గొట్టం భుజాన వేసుకుని బండ ఎక్కబోతున్నాడు. నేను పరుగెత్తి ఆయన కంటే ముందు ఎక్కి, ఆయన డ్రిల్లు పెట్టబోయే చోట కూర్చున్నాను.

"ఏం కోడలా, ఆఫీసు ఈడికి మార్సిన్రా?" అని నవ్వాడు మామ.

"నిన్న పదే పేలినయి మామా. నేను ఇన్న."

మామ నవ్వు ఆగలేదు. "మీ నాయిన పదకొండన్నడు. బావ లెక్క తప్పిన దినం సూర్యుడు పడమర పొడుస్తడు. లే బిడ్డా, ఎండ ముదురుతది."

"నేను లెవ్వ."

నాయన వచ్చాడు. నలుగురి ముందు, ఆడపిల్ల, లెక్క గురించి నోరెత్తింది. ఆయన చెయ్యి లేచింది. పుట్టి బుద్ధెరిగాక నా మీద ఎన్నడూ లేవని చెయ్యి. అది గాలిలోనే ఆగింది, ఎందుకంటే నేను ఆయన ముఖంలోకి చూస్తూ ఉన్నాను. చెవుల సంగతి మామకు నేను చెప్పలేదు. పది విన్నానని తప్ప ఇంకొక్క మాట అనలేదు. నేనిచ్చిన మాట ఇంకా నిలబెట్టుకునే ఉన్నానని ఆయనకు తెలిసింది.

"కంప్రెసర్ బంద్ జెయ్యున్రి" అన్నాడు నాయన. "దూరం వోన్రి అందరు. దీని పరేషాన్ తీరుస్త."

అనుమానం ఉన్న రాయి దగ్గరికి మందు పెట్టినవాడే పోవాలి, ఒంటరిగా. అది కూడా వాళ్ళ కట్టుబాటే. మమ్మల్నందరినీ జెండా అవతలికి పంపి, నాయన బిందెతో నీళ్ళు తీసుకుని ఎక్కాడు. ఒక్కో రాయినీ చేత్తో తీసి పక్కన పెడుతూ, మందు ఉంటే తడిసిపోవాలని నీళ్ళు పోస్తూ, వంగి చూస్తూ పోయాడు. నేను మామ పక్కన నిలబడి చూస్తున్నాను. నా మాట తప్పు కావాలని మొక్కుకున్నాను. తప్పైతే నాయన లెక్క నిలబడుతుంది, నేను పది మందిలో నవ్వులపాలవుతాను, అంతకంటే ఏం కావాలి? మరుక్షణం, తప్పు కాకపోతే ఆయన చేతి కింద ఏముందో గుర్తొచ్చి, ఆ మొక్కు కూడా సగంలో ఆగిపోయింది. అరిచి వెనక్కి పిలుద్దామంటే, అరిచినా వినబడదు. ఆ సంగతి అక్కడ నాకు ఒక్కదానికే తెలుసు.

ఇందాక బండ మీద నేను కూర్చున్న చోటు నుంచి రెండు మూరల దూరంలో నాయన ఆగిపోయాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తర్వాత నిదానంగా నీళ్ళన్నీ అక్కడే పోశాడు. లేచి మా వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు. ఉంది. సగం కాలి ఆరిపోయిన వత్తి, దాని మీద పెద్ద బండ ఒకటి పడి ఉంది.

మామ నా పక్కన అలాగే కూలబడ్డాడు. తన ఇద్దరు పిల్లల పేర్లూ మెల్లగా పలికాడు, నాతో కాదు.

నాయన దిగి వచ్చాడు. "బండ వడ్డది" అన్నాడు. "బండ వడ్డ దెబ్బను లెక్కల ఏసుకున్న."

"ఎవరికన్న అయితది బావా" అన్నాడు మామ. "గంత మోతల ఎవనికి తెలుస్తది? నువ్వు మనసుకు పెట్టుకోకు."

నాయన తల అడ్డంగా ఊపాడు. మామ రెక్క పట్టుకుని లేపి, తెచ్చి నా పక్కన నిలబెట్టాడు. "నువ్వు సూడు" అన్నాడు. విడిచిన చెప్పులు వెతికి తొడుక్కున్నాడు. పది అడుగులు నడిచి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు.

"పిలువు బిడ్డా. అరవకు, ఇంట్ల పిలిసినట్టు పిలువు. ఇనవడితే చెయ్యి ఎత్తుత."

కంప్రెసర్ ఆగి ఉంది. పనివాళ్ళెవరూ మాట్లాడటం లేదు. ఆ గుట్ట మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు.

"నాయినా" అన్నాను, అన్నానికి పిలిచినట్టు. మామ నన్ను చూశాడు, ఆయన్ను చూశాడు. మళ్ళీ పిలిచాను. మూడోసారికి మామ తలగుడ్డ తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నాయన కుడిచెయ్యి ఎత్తడానికి సిద్ధంగా కొంచెం ముందుకు పెట్టుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు.

"పిలువు బిడ్డా" అన్నాడు, వెనక్కి తిరగకుండా. "ఏం భయపడకు, పిలువు."